మూల మడత పడ్డ బ్లాక్: ఒక స్టాంపుల పరిశీలన కేసు

తప్పు పడ్డ స్టాంపు అని ఎవరైనా తెచ్చి చేతిలో పెడితే నేను ముందు తేల్చుకునేది ఒకటే. ఈ తప్పు ఏ దశలో జరిగి ఉండాలి? అచ్చు వేసేటప్పుడా, చిల్లులు కొట్టేటప్పుడా, అంచులు కోసేటప్పుడా, లేకపోతే పోస్టాఫీసు గడప దాటాక ఎవరింట్లోనో జరిగిందా? ఆ దశ ఫలానా అని చెప్పలేనప్పుడు, స్టాంపు ఎంత వింతగా కనబడినా నేను విలువ కట్టను. ఈ కేసులో ఒక కుటుంబం ఒకే రోజు రెండు వస్తువులు తెచ్చింది. లక్షలు పలుకుతుందని నమ్మకం పెట్టుకున్నది ఒకటి, పాడైపోయిందని పక్కన పడేసింది రెండోది. రెండింటినీ ఈ ఒక్క ప్రశ్నే తేల్చింది. అందుకే రాసి పెడుతున్నాను.

ఊరి పేరు, కుటుంబం వివరాలు, అమ్ముడైన ధర ఇక్కడ ఉండవు. ఇలాంటి బ్లాక్ (విడదీయకుండా కలిసే ఉన్న స్టాంపుల ముక్క) లోకంలో ఒక్కటే ఉంటుంది, కాబట్టి ఏ స్టాంపో చెప్తే ఇల్లు చూపించినట్టే. వ్యవసాయం, పాడి, నేత, పత్తి లాంటి బొమ్మలతో ఎనభైల్లో ప్రతి పోస్టాఫీసులోనూ దొరికిన రోజువారీ సిరీస్‌లోది. నాసిక్‌లోని ఇండియా సెక్యూరిటీ ప్రెస్‌లో ఒకే రంగు సిరాతో అచ్చయింది. అంతవరకు చాలు.

నేపథ్యం

నేను బరంపురంలో ఉంటూ పాత స్టాంపులు, కవర్లు పరిశీలించి విలువ కట్టే పని చేస్తాను. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లోని తెలుగు కుటుంబాల నుంచి పెట్టెలకు పెట్టెలు వస్తుంటాయి. 1936లో ఒడిశా విడిగా ఏర్పడ్డాక కూడా ఈ వైపు సంబంధాలు, బియ్యం వ్యాపారం, చదువులు శ్రీకాకుళం, విజయనగరాలతోనే సాగాయి. ఉత్తరాలు అటూ ఇటూ విపరీతంగా నడిచేవి. అందుకే ఇక్కడి కొట్లలో స్టాంపులు బాగా అమ్ముడయ్యేవి. సాయంత్రం పోస్టాఫీసు మూసేశాక ఉత్తరానికి స్టాంపు కావాలంటే పక్కనున్న కొట్టే దిక్కు.

ఈ కుటుంబం పెద్దాయనది అలాంటి కొట్టే. సబ్ పోస్టాఫీసుకు నాలుగడుగుల దూరంలో కిరాణా, పలకలు, నోటు పుస్తకాలు, వాటితో పాటు స్టాంపులు, కార్డులు, రెవెన్యూ స్టాంపులు. ఆయన సొంత సరదాకి కూడా స్టాంపులు పోగు చేసేవారు. ఆయన పోయాక కొట్టు మూతపడింది. సామాను సర్దుతుంటే రేకు పెట్టెలో ఒక ఆల్బమ్, కొన్ని కవర్లు, తెలుగులో రాసిన చిట్టా పుస్తకాలు బయటపడ్డాయి. వారసులు ఇద్దరు, అక్క, తమ్ముడు. ఇద్దరూ పెద్ద వయసు వాళ్లే. తమ్ముడి కొడుకు ఫోన్లో ఫోటోలు తీసి ఒక కొనుగోలుదారుకి పంపాడు. అతను ఆల్బమ్‌లోని ఒక స్మారక స్టాంపుని చూసి "ఎరుపు రంగు పడలేదు, చాలా అరుదు" అని చెప్పి, మొత్తం పెట్టెకి ఒకే ధర ఇస్తానన్నాడు. ఆ ధర సరిపోతుందా లేదా అన్నది తేల్చమని నా దగ్గరికి వచ్చారు.

వాళ్లకున్న టెన్షన్ స్టాంపుల గురించి మాత్రమే కాదు. ఎరుపు పడని స్టాంపు ఒక్కటే, వారసులు ఇద్దరు. అమ్మితే సగం సగం పంచుకోవచ్చు. తండ్రి జ్ఞాపకంగా ఉంచుకోవాలంటే ఎవరు ఉంచుకోవాలి? దారిలోనే ఆ మాట మీద కొంత నలిగి వచ్చారని వాళ్లు కూర్చున్న తీరు చూస్తేనే తెలిసింది.

మొదట సింగిల్ స్టాంపు

పెట్టె మొత్తం తిరగేసి జాబితా రాసుకున్నాక ఒక్కో వస్తువూ తీయడం నా పద్ధతి. ఈసారి ఆ వరస మార్చాను. ఆ ఒక్క స్టాంపు సంగతి తేలేదాకా వాళ్లకి నేను చెప్పే ఇంకే మాటా చెవికెక్కదు. పైగా దాని మీద ఆశ నిలిచి ఉన్నంతసేపు మిగతా పెట్టె మీద తొందరపడి నిర్ణయాలు తీసుకునే ప్రమాదం ఉంది. అందుకని దాన్నే ముందు తీశాను.

రంగుల స్టాంపులో ఒక్కో రంగూ విడిగా పడుతుంది. ఒక రంగు పడకుండా పోయే అవకాశం నిజంగానే ఉంది. ఎరుపు సిరా అందని చోట షీట్ షీటే ఎరుపు లేకుండా బయటికి వస్తుంది. అలాంటప్పుడు ఆ రంగు చుక్క ఒక్కటి కూడా స్టాంపు మీద కనబడకూడదు. మన రంగంలో దీన్ని కచ్చితంగా పాటిస్తారు. ఆనవాలు ఏమాత్రం మిగిలినా అది రంగు తగ్గిన స్టాంపే, రంగు లేని స్టాంపు కాదు. రెండింటి ధరల మధ్య తేడా పది రెట్లో వంద రెట్లో అన్న లెక్కలో ఉండదు. రంగు తగ్గినదానికి ధరే పలకదు.

పది రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దం కింద పెట్టాను. బొమ్మలో నీడ ఉన్న చోట, నీలం చుక్కల మధ్య, చాలా లేత గులాబీ రంగు చుక్కలు కనబడ్డాయి. అనుమానానికి ఇది చాలు. కానీ ఇంటి వాళ్లకి చూపిస్తే "మాకేం కనబడటం లేదే" అనే అవకాశం ఉంది. చుక్కలు చూడటానికి కన్ను అలవాటు పడాలి. నేను చెప్పాను కాబట్టి నమ్మడం కాకుండా, వాళ్ల కళ్లతో వాళ్లు చూసి ఒప్పుకునే సాక్ష్యం కావాలి.

యూవీ ల్యాంప్ కింద పెట్టాను. రసాయనంతో రంగు తీసేస్తే చాలాసార్లు కాగితం మెరుపు మారిపోతుంది, లేదా మచ్చలుగా కనిపిస్తుంది. ఇక్కడ కాగితం అంతటా ఒకేలా ఉంది. అంటే కావాలని రంగు తీసిన జాడ దొరకలేదు. ఈ మాట వాళ్లకి వెంటనే చెప్పాను. అది పెద్దాయన ఆల్బమ్. ఆయన మోసం చేశాడన్న అనుమానం నీడలాగైనా ఆ గదిలో ఉండకూడదు. అయితే రంగు ఎలా పోయిందో ల్యాంప్ చెప్పలేదు.

చెప్పింది స్టాంపు ఎడమ అంచు. అక్కడ పైనుంచి కిందిదాకా మిల్లీమీటరు వెడల్పున ఒక సన్నని పట్టీలో ఎరుపు నిక్షేపంలా ఉంది. పట్టీ హద్దు స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంది. ఆ పట్టీని, మిగతా స్టాంపుని పక్కపక్కనే చూపిస్తే భూతద్దం లేకుండానే ఇద్దరికీ కనబడింది. ప్రెస్‌లో సిరా ఇలా ఒక అంచు వెంట గీత గీసినట్టు మిగలదు. ఆ పట్టీ మీద ఏదో కప్పి ఉంది, మిగతా భాగం మీద వెలుతురు పడింది. అచ్చు సిరాల్లో ఎరుపు, పసుపు ఎండకి ముందు వెలిసిపోతాయి. నీలం, నలుపు తట్టుకుంటాయి.

"ఇది ఎప్పుడైనా ఫ్రేమ్ కట్టించారా?" అని అడిగాను.

తమ్ముడు లేదన్నాడు. అక్క కాసేపు ఆలోచించి, "కట్టించారు బాబూ. కొట్లో గల్లాపెట్టె మీద ఉండేది. పక్కపక్కన స్టాంపులు అంటించి, అద్దం వేసి. నువ్వు అప్పటికి హాస్టల్లో ఉన్నావు" అంది తమ్ముడితో. కొట్టు ముఖం పడమరకి. ఫ్రేమ్‌లో పక్క స్టాంపు దీని ఎడమ అంచు మీద కొంచెం ఎక్కి ఉండేది. ఏళ్ల తరబడి సాయంత్రపు ఎండ పడింది. ఆ పక్క స్టాంపు కూడా ఆల్బమ్‌లోనే దొరికింది. దాని మీదా ఎరుపు వెలిసి ఉంది.

ఈ నిర్ణయం దగ్గర కొంచెం ఆగాలి. రంగు వెలిసిన స్టాంపులకి "రంగు పడలేదు" అని పేరు పెట్టి అమ్మడం ఈ రంగంలో కొత్త కాదు. అమ్మేవాడు కావాలని చేయక్కర్లేదు. ఫోన్ ఫోటో చూసి అనుకుంటే చాలు. ఫోటోలో ఆ గులాబీ చుక్కలు రావు, ట్యూబ్‌లైట్ వెలుతురుకి రంగులు మారి కనబడతాయి. ఆ కొనుగోలుదారు మాట తప్పు అని మాత్రమే చెప్పాను, మనిషి గురించి ఏమీ అనలేదు. ఏం చూసి అన్నాడో నేను చూడలేదు.

తమ్ముడి ముఖం మాడిపోయింది. "అయితే ఇంక ఏటుంది మాస్టారూ, మేం లేస్తాం" అన్నాడు. పెట్టె అడుగున పాలిథిన్ కవర్లో ఇంకేదో ఉందని గమనించి, అది కూడా చూపించి వెళ్లమన్నాను.

పాలిథిన్ కవర్లో ఉన్నది

మూడు వరసలు, వరసకి నాలుగు, మొత్తం పన్నెండు స్టాంపుల బ్లాక్. షీట్ కుడి పై మూల. ఆ మూల త్రికోణంగా వెనక్కి మడిచి ఉంది. విప్పితే పక్కకి చెవిలా పొడుచుకొచ్చింది, మిగతా మార్జిన్ కంటే బయటికి. మడత అవతలి భాగంలో స్టాంపుల మధ్య ఉండాల్సిన చిల్లులు అసలు లేవు. బదులుగా ఏటవాలుగా చిల్లుల వరసలు బొమ్మల మీదుగా, విలువ అంకె మీదుగా అడ్డదిడ్డంగా పోతున్నాయి. మడత గీత మీద కొత్తగా అంటించిన సెల్లోటేపు ముక్క ఒకటి. చిరుగుతుందేమోనని తమ్ముడి కొడుకు అంటించాడట.

"అది పాడైపోయిన ముక్కండీ, ఎవులూ కొనలేదని నాన్న పక్కన పెట్టీసేరు" అంది అక్క.

తప్పు ఏ దశలో జరిగిందన్న ప్రశ్న ఇక్కడ నిజంగా పనికొచ్చింది. షీట్ ప్రయాణం స్థూలంగా ఇలా ఉంటుంది. అచ్చు, తర్వాత చిల్లులు, తర్వాత అంచుల కోత. మూల మడత ఎప్పుడు పడిందన్నదాన్ని బట్టి మిగిలే జాడలు వేరు.

అచ్చుకి ముందే మడత పడి ఉంటే బొమ్మలో కొంత భాగం జిగురు వైపు పడాలి, లేదా ముఖం మీద తెల్లగా ఖాళీ మిగలాలి. ఇక్కడ బొమ్మలన్నీ ముఖం మీదే పూర్తిగా ఉన్నాయి, వెనక సిరా చుక్క లేదు. మడత గీత మీద సిరా పగిలి లోపలి తెల్లని నార కనబడుతోంది. అంటే సిరా ఆరాక మడత పడింది. చిల్లుల తర్వాత పడి ఉంటే, మడత అవతల కూడా చిల్లులు తిన్నగా, మామూలు చోట్లలోనే ఉండాలి. అలా లేవు. కోత తర్వాత పడి ఉంటే ఆ చెవి బయటికి పొడుచుకు రాదు. మూల మడిచి ఉన్నప్పుడే కత్తి పడింది కాబట్టి ఆ ముక్క కోతకి దొరక్కుండా తప్పించుకుంది. మూడు జాడలూ ఒకే చోటికి వస్తున్నాయి. అచ్చయ్యాక, చిల్లులకి ముందు మడత పడింది, కోత అయ్యేదాకా అలాగే ఉంది.

వినడానికి ఇది సరిపోయినట్టే ఉంటుంది. కానీ కొనేవాడు వేసే ప్రశ్న ఇంకోటి ఉంటుంది. మామూలు ముక్కని ఎవరో ఇంట్లో మడిచి, చిల్లులు కొట్టలేదని రుజువేమిటి? రసీదు పుస్తకాలు అచ్చు వేసే ప్రతి చిన్న ప్రెస్‌లోనూ చిల్లులు కొట్టే మిషను ఉంటుంది.

పనికిరాని పరీక్షలు

చిల్లుల కొలత రెండు సెంటీమీటర్లకి ఎన్ని అన్న లెక్కలో చెప్తారు. గేజ్ కార్డు పెట్టి తిన్నని వరసలు కొలిచాను, అవి ఈ సిరీస్‌కి సరిపోయాయి. ఏటవాలు వరసల దగ్గర కార్డు పని చేయలేదు. ఒక్కో ముక్కలో ఐదారు చిల్లులే ఉన్నాయి, మధ్యలో మడత గీత. అంత పొట్టి వరసలో కార్డు మీద రెండు మూడు కొలతలు సరిపోయినట్టే కనబడతాయి. రాసుకోవడానికి ఆ కొలత పనికిరాదు.

స్టాంపులకి నంబర్లు, ధరలు ఇచ్చే కేటలాగ్ కూడా సాయం చేయలేదు, చేయదు కూడా. స్టాన్లీ గిబ్బన్స్ లాంటి పెద్ద కేటలాగులు చిల్లులు పూర్తిగా లేని జంటలు, రంగు పడనివి, తలకిందులుగా అచ్చయినవి చేరుస్తాయి. కాగితం మడతలు ఒక్కోటీ ఒక్కో తీరు కాబట్టి మామూలుగా వాటికి నంబరు ఇవ్వవు. నంబరు లేదంటే విలువ లేదని అర్థం కాదు. అలాగని నంబరు ఉన్నవాటి ధర దీనికి తగిలించనూ కూడదు. 1854లో కలకత్తాలో అచ్చయిన నాలుగణాల స్టాంపులో రాణి తల తలకిందులైంది. నీలం తల, ఎరుపు చట్రం విడివిడిగా అచ్చు వేశారు, కాగితం తిప్పి పెట్టారు. ఆ తప్పు మొత్తం షీట్‌కి ఒకేలా పడింది, అందుకే దానికి పేరుంది, నంబరుంది. మన చేతిలో ఉన్నది వేరే జాతి.

యూవీ ల్యాంప్ జిగురు మార్చలేదని చెప్పింది. మంచిదే, కానీ అడిగిన ప్రశ్నకి జవాబు కాదు.

పని చేసిన పరీక్ష

కాగితం మడిచి రెండు పొరల మీద చిల్లులు కొడితే, విప్పాక రెండో పొర మీది చిల్లులు మడత గీతకి అద్దంలో ప్రతిబింబంలా ఉండాలి. ఇది అభిప్రాయం కాదు, జామెట్రీ. మడత గీత అడ్డ వరసతో ఎంత కోణం చేస్తుందో, ఏటవాలు వరసలు దానికి రెట్టింపు కోణంలో పోవాలి.

బ్లాక్‌ని విప్పి, బరువు పెట్టకుండా, స్కానర్ మీద పెద్ద రిజల్యూషన్‌లో స్కాన్ చేశాను. అసలు ముక్కని మళ్లీ మళ్లీ మడవకూడదు. ఆ మడత గీత దగ్గర కాగితం ఇప్పటికే నలిగి ఉంది, ఇంకో రెండుసార్లు మడిస్తే విడిపోతుంది. స్కాన్‌ని నాలుగు రెట్లు పెద్దదిగా పలచటి ట్రేసింగ్ పేపర్ మీద ప్రింట్ తీయించి, ప్రొట్రాక్టరు పెట్టాను. మడత 35 డిగ్రీల దగ్గర, ఏటవాలు వరసలు 70 దగ్గర. తర్వాత ఆ ప్రింట్‌ని మడత గీత వెంట మడిచి కిటికీ అద్దానికి ఆనించాను. ఏటవాలు చిల్లులన్నీ వెళ్లి తిన్నని వరసల కొనసాగింపులో కూర్చున్నాయి. అడ్డ వరసలు, నిలువు వరసలు కలిసే మూలల్లో కూడా చిల్లు మీద చిల్లు పడింది.

ఆ మూలలు ముఖ్యం. రసీదు మిషను ఒక్కసారికి ఒక గీతే కొడుతుంది. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి విడిగా కొట్టాలి, అవి కలిసే చోట చిల్లులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కడమో, మధ్యలో ఖాళీ మిగలడమో జరుగుతుంది. ఈ షీట్‌లో తిన్నని భాగంలో మూలలన్నీ శుభ్రంగా ఒకే చిల్లుతో కలిశాయి. మడత అవతల కూడా అంతే. ఒకే మిషను, ఒకే దెబ్బ.

తమ్ముడిని పిలిచి ఆ ప్రింట్ మడిచి పట్టుకోమన్నాను. కిటికీ వైపు చూసి, "అన్నీ ఒకే చోట పడ్డాయే" అన్నాడు. ఆ తర్వాత లేస్తానన్న మాట ఎత్తలేదు.

ఇంకో సాక్ష్యం భూతద్దం కింద దొరికింది. సూది కాగితంలోకి ఏ వైపు నుంచి దూరుతుందో ఆ వైపు అంచు నున్నగా లోపలికి వంగుతుంది, బయటికొచ్చే వైపు నార పైకి లేస్తుంది. బ్లాక్ తిన్నని భాగంలో నార జిగురు వైపు లేచింది. మడిచిన ముక్కలో మాత్రం ముఖం వైపు లేచింది. వెనక్కి మడిచి ఉన్న ముక్క సూదికి వీపు చూపిస్తుంది కాబట్టి అలాగే జరగాలి. ఇంకా చెప్పాలంటే, రెండు పొరలు దాటేసరికి సూదుల జోరు తగ్గినట్టుంది. రెండో పొర మీద కొన్ని చిల్లులు పూర్తిగా తెగలేదు. కాగితపు చిన్న బిళ్లలు ఒక పక్క నారకి వేలాడుతూ ఉన్నాయి, వాటి ముఖం మీద బొమ్మ సిరా చుక్కగా కనబడుతోంది. బ్రష్‌తో ఒక్కసారి దులిపితే రాలిపోతాయి. అందుకే బ్లాక్‌ని శుభ్రం చేయలేదు. కొంచెం దుమ్ము ఉండనీ, ఆ బిళ్లలు ఉండాలి.

అన్నిటికంటే బలమైన వాదన మామూలు తర్కం. మడత అవతల తిన్నని చిల్లులు ఒక్కటీ లేవు. దీన్ని ఇంట్లో తయారు చేయాలంటే ముందు చిల్లులు లేని షీట్ మూల చేతిలో ఉండాలి. అలాంటిది దొరికినవాడు దాన్ని పాడు చేసి మడత ముక్క ఎందుకు చేస్తాడు? చిల్లులు లేనిదే ఎక్కువ పలుకుతుంది.

చిట్టా

ముక్క నిజమైనదని తేలాక ఇంకో మెట్టు ఉంది. ప్రెస్‌లో పాడైన షీట్లు నాశనం చేయాలి. అలా చేయాల్సినవి ఒక్కోసారి దొడ్డిదారిన బయటికి వస్తాయి. అచ్చు తప్పు నిజమే అయినా అది పోస్టాఫీసు అమ్మిన స్టాంపు కాదు, చెత్తలోంచి వచ్చింది. జాగ్రత్తగా కొనేవాళ్లు దాని జోలికి పోరు, పోకూడదు కూడా. కాబట్టి ఇది కౌంటర్ మీద డబ్బు కట్టి కొన్నదా అన్నది తేలాలి.

పెద్దాయన చిట్టాలు అందుకే అడిగాను. ఇంట్లో వాళ్లు అవి పాత అప్పుల పుస్తకాలనుకుని పెట్టెలో వదిలేశారు. ఆయన రాత గుండ్రంగా, ఒత్తిగా ఉంది. ఎనభైల నాటి ఒక పేజీలో పోస్టాఫీసు నుంచి కొన్న షీట్ ఖరీదు, తేదీ ఉన్నాయి. కొన్నాళ్ల తర్వాత పేజీలో "బిళ్లలు 12, చింపడానికి కుదరనివి, పక్కన" అని ఒక పద్దు. బిళ్లలంటే ఇక్కడ స్టాంపులే. పన్నెండు స్టాంపుల ఖరీదు నష్టం కింద రాసుకున్నారు. కౌంటర్లో కొన్నాడు, అమ్మబోతే జనం చింపలేక వద్దన్నారు, లెక్కలో నష్టం రాసి దాచాడు. ఏ కొనుగోలుదారుకైనా ఇంతకంటే శుభ్రమైన చరిత్ర అక్కర్లేదు.

పంపకం

ముక్క విలువైనదని తేలగానే పంపకం మాట మళ్లీ వచ్చింది, ఈసారి ఇంకో రూపంలో. తమ్ముడు తేలిగ్గా అడిగాడు. "పన్నెండున్నాయి కదా మాస్టారూ. చెరో ఆరు చించీసుకుంటే?"

అక్క ఏమీ అనలేదు. ఒప్పుకునేలాగే ఉంది. నేను ఒప్పుకోలేదు, ఎందుకో ప్రింట్ తీసుకుని మళ్లీ చూపించాను. తప్పుకి రుజువు మడత ముక్కలో ఒక్కచోటే లేదు. ఇటువైపు తిన్నని వరసలు, అటువైపు ఏటవాలు వరసలు, మధ్యలో గీత, ఈ మూడూ కలిస్తేనే ప్రతిబింబం నిలుస్తుంది. మధ్యకి చించితే ఒకరి చేతిలో మామూలు స్టాంపులు మిగులుతాయి, ఇంకొకరి చేతిలో అడ్డదిడ్డంగా చిల్లులు పడ్డ కాగితం మిగులుతుంది. రెండోది నకిలీ అని ఎవరన్నా కాదని చెప్పలేం. మామూలు స్టాంపుల విలువ వాటి మీద అచ్చయిన అంకెకి కాస్త అటూ ఇటూ. కలిసి ఉంటేనే ధర.

పంపకం గొడవల్లో స్టాంపుల మనిషి తలదూర్చకూడదని నాకు తెలుసు. కానీ ముక్కని చించితే ఏమవుతుందో చెప్పడం నా పనే. ఉంచుకోవాలా, అమ్మాలా, ఎవరికి ఎంత అన్నది వాళ్ల పని. ఆ రెండింటి మధ్య గీత దగ్గరే నిలబడ్డాను. వాళ్లు ఇంటికి వెళ్లి మాట్లాడుకుని, బ్లాక్ అమ్మి డబ్బు సగం సగం తీసుకుందామని, ఆల్బమ్ అక్క దగ్గర, కవర్లు తమ్ముడి దగ్గర ఉండేలా అనుకున్నారు.

టేపు, సర్టిఫికేట్

సెల్లోటేపు సంగతి. పాత టేపు జిగురు కాగితంలోకి దిగి పసుపు మచ్చ అవుతుంది. ఇది కొత్తది, ఇంకా దిగలేదు. తీసేయాలన్న తొందర కలగడం సహజం. కానీ టేపు సరిగ్గా మడత గీత మీద ఉంది, కింద కాగితం నలిగి ఉంది, దాని అంచున వేలాడే బిళ్లలు రెండు ఉన్నాయి. లాగితే గీత చిరుగుతుంది. ద్రావకం వాడితే వెనక స్టాంపు జిగురు పాడయ్యే ప్రమాదం. కాగితం సంరక్షణ పని చేతికి అలవాటైనవాళ్లు చేయాల్సిన పని ఇది. టేపు ఉన్నట్టే ఉంచి, ఉందని పరిశీలన నోట్‌లో రాశాను. తర్వాత అలాంటి నిపుణురాలి చేత తీయించారు. మచ్చ పడలేదు.

సర్టిఫికేట్ కోసం స్కాన్లు పంపితే చాలదా అని అడిగారు. చాలదు. సూది ఏ వైపు నుంచి దూరిందో స్కాన్‌లో కనబడదు, అసలు ముక్క చేతిలో ఉండాలి. తమ్ముడు తానే రైల్లో పట్టుకెళ్లి, నిపుణుల సంఘానికి అప్పజెప్పి, రసీదు తెచ్చుకున్నాడు. గ్లాసీన్ (నున్నటి పలచ కాగితం) కవర్, రెండు వైపులా గట్టి అట్ట, మడత విప్పి ఉంచి. నా ట్రేసింగ్ ప్రింట్, కోణాల నోట్, చిట్టా పేజీల నకలు దాంతో పాటే వెళ్లాయి. అచ్చు తర్వాత, చిల్లులకి ముందు పడ్డ కాగితం మడత, అసలుదే అని సర్టిఫికేట్ వచ్చింది.

ఈ కేసు తర్వాత నా దగ్గరికి వచ్చేవాళ్లకి ముందే ఫోన్లో చెప్పే మాటలు కొన్ని మారాయి. మంచివనుకున్నవి ఏరి తేవద్దు, పెట్టె పెట్టెగా తెండి. పాడైపోయిందనుకున్నది, చిరిగిందనుకున్నది, మడత పడ్డది తప్పకుండా తెండి. దేనికీ టేపు అంటించవద్దు, ఇస్త్రీ చేయవద్దు, చించి వేరు చేయవద్దు. కొట్టు లెక్కలు, పాత రసీదులు, స్టాంపు ఉన్న కవరు, ఫ్రేమ్, ఫ్రేమ్ వెనక కాగితం, ఏది దొరికితే అది. రంగు పడలేదు అనుకుంటున్న స్టాంపు ఉంటే, దాని పక్కన ఉండే స్టాంపులు కూడా కావాలి. ఈ కేసులో సింగిల్ స్టాంపు ఒక్కటే వచ్చి ఉంటే, ఆ ఎర్ర పట్టీ ఎలా వచ్చిందో తేల్చడానికి ఇంకా చాలాసేపు పట్టేది.

బ్లాక్ కొన్నవాళ్లు చిట్టా పుస్తకం కూడా దాంతో పాటే కావాలన్నారు. అడగడంలో తప్పు లేదు, ముక్క చరిత్ర అందులోనే ఉంది. అక్క ఇవ్వనంది. ఆ పేజీల్లో ఊళ్లో వాళ్ల అప్పులు పేర్లతో సహా ఉన్నాయి, వాళ్ల పిల్లలు ఇంకా ఆ ఊళ్లోనే ఉన్నారు. చివరికి రెండు పద్దులున్న రెండు పేజీలు మాత్రం జిరాక్స్ తీయించి, మిగతా పేర్లు కప్పి, నోటరీ చేయించి ఇచ్చారు. కొన్నవాళ్లు దానికి ఒప్పుకున్నారు.